చెక్క ఏదైనా ఒకటే అనుకుంటే పంది ఎదగదు



మొన్న ఆదివారం కీసర దిక్కు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. కొత్తగా 22 పంది పిల్లల్ని తెచ్చుకున్నాడు. తల్లి పాలు మాన్పించి నెల దాటింది. "అన్నా, మా దగ్గర సోయా కన్నా పల్లి చెక్క చవకగా దొరుకుతుంది. సంచి మీద 42 శాతం ప్రోటీన్ అని రాసి ఉంది. సోయా సంచి మీద 45. ఆ మూడు శాతానికి అంత రేటు ఎందుకు పెట్టాలె?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. మూడేళ్ళ కింద నేను కూడా ఇదే అడిగి, తప్పు జవాబు చెప్పుకొని, దెబ్బ తిన్నా. ఫోన్‌లో ఇరవై నిమిషాలు చెప్పినా నాకు తృప్తి కలగలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. కొంచెం పెద్దగా ఉంటది, ఓపికగా చదవండి.

నా మాట ముందే చెప్పేస్తా. ఎదిగే పందికి చేపపొడి లేకుండా, హోటల్ వేస్ట్ లేకుండా, మొక్కల నుంచి వచ్చే చెక్కలతోనే మంచి దాణా తయారు చేయొచ్చు. కానీ ఆ చెక్కను సంచి మీద ఉన్న ప్రోటీన్ శాతం చూసి కొనడం తప్పు. ఇంకోటి, చేతిలో డబ్బులు తక్కువుంటే మంచి చెక్కను పంది జీవితం మొత్తం మీద కొంచెం కొంచెం చల్లకండి. ఎదిగే ఆ రెండు మూడు నెలల్లోనే కడుపునిండా పెట్టండి.

ముందు నా తప్పు సంగతి. మాది సికింద్రాబాద్. ఇల్లు బొల్లారం వైపు, షెడ్డు ఇంకా అవతల. ఇంట్లో మొదటి నుంచి బర్రెలు ఉన్నాయి. పందుల్ని పెట్టినప్పుడు బర్రెలకు తెచ్చిన పత్తి చెక్కనే వాటికీ వేశా. "బర్రె తిని పాలిస్తుంది, పంది తింటే ఏమైతది?" అనుకున్నా. దాంతోపాటు రాత్రి స్టేషన్ దగ్గరి హోటళ్ళ నుంచి డ్రమ్ముల్లో తెచ్చిన మిగులు. మొదటి నెల బాగానే ఉన్నాయి. రెండో నెల దాటాక పిల్లలు మందకొడిగా అయ్యాయి, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తర్వాత పది రోజుల్లో మూడు చచ్చిపోయాయి. చచ్చే ముందు ఊపిరి ఆడక రొప్పాయి.

ఏదో రోగం తగిలిందని ఇంట్లో చెప్పా. పశువుల డాక్టర్ వచ్చి కోసి చూశారు. ఛాతీలో నీరు, గుండె ఉబ్బి ఉంది. ఆయన అడిగిన మొదటి మాట, "ఏం పెడుతున్నవ్?" అని. పత్తి చెక్క అని చెప్పగానే తల పట్టుకున్నారు. ఆ మూడు పందుల్ని ఏ రోగమూ చంపలేదు. నా చేత్తో తొట్టిలో పోసిన దాణానే చంపింది. ఆ రోజు నుంచి దాణా గురించి తెలుసుకోవడం మొదలుపెట్టా.

పత్తి గింజలో గాసిపాల్ అనే విషం ఉంటది. చెట్టు పురుగుల నుంచి తనను తాను కాపాడుకోవడానికి పెట్టుకున్నది. బర్రెకు పెద్ద పొట్ట ఉంది, అందులోని సూక్ష్మజీవులు, ప్రోటీన్లు ఆ గాసిపాల్‌ను చాలా వరకు కట్టేస్తాయి. పందికి మనలాగే ఒక్కటే పొట్ట. గాసిపాల్ నేరుగా రక్తంలోకి పోయి మెల్లమెల్లగా గుండెను, కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. మొత్తం దాణాలో విడి గాసిపాల్ కిలోకు 100 మిల్లీగ్రాములు దాటితే పందికి ప్రమాదం అని చెప్తారు. ఇనుప లవణం, అంటే ఫెర్రస్ సల్ఫేట్ కలిపి కొంత వరకు అదుపు చేయొచ్చు. కానీ మీ దగ్గరున్న చెక్కలో ఎంత గాసిపాల్ ఉందో ల్యాబ్ పరీక్ష లేకుండా తెలియదు. దేశంలో పత్తి ఎక్కువగా పండే రాష్ట్రాల్లో మనది ఒకటి, కాబట్టి పత్తి చెక్క మన చేతికి సులువుగా దొరుకుతుంది. అదే ఆశ పెడుతుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తా: ఎదిగే పందికి పత్తి చెక్క వద్దు. బర్రెకు పెట్టుకోండి.

ఇప్పుడు పెద్దవాళ్ళు ఒక మాట అంటారు. "మా తాతల కాలంలో ఏ చెక్క పెట్టినం? ఏ సోయా పెట్టినం? పందులు పెరగలేదా?" అని. ఈ మాటను కొట్టిపారేయొద్దు. తరాలుగా పందుల్ని సాకిన ఎరుకల కుటుంబాలకు ఉన్న అనుభవం మనలో చాలామందికి లేదు. కానీ అప్పటి పంది వేరు, అప్పటి సాకడం వేరు. నాటు పంది చిన్నది, నెమ్మదిగా పెరుగుతుంది. రోజంతా తిరిగి దుంపలు తవ్వుకుంటుంది, వానపాములు, పురుగులు ఏరుకుంటుంది. తనకు కావలసిన ప్రోటీన్ తానే వెతుక్కుంటుంది. ఇప్పుడు మనం పెంచేది లార్జ్ వైట్ యార్క్‌షైర్, లేదా దాని సంకరం. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ తయారు చేసిన టీ-17లో కూడా యార్క్‌షైర్ రక్తం, మన నాటు రక్తం కలిసి ఉన్నాయి. ఇవి తొందరగా కండ పట్టే జాతులు. పైగా వాటిని సిమెంటు గచ్చు మీద, నాలుగు గోడల మధ్య పెట్టాం. అక్కడ వానపాము ఎక్కడిది? మనం తొట్టిలో వేసిందే దానికి లోకం.

ఇక తమ్ముడు అడిగిన 42, 45 లెక్కకు వద్దాం.

పంది ఒంట్లో కండ తయారు కావాలంటే ప్రోటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాలు కావాలి. అవి చాలా రకాలు, ఒక్కోటి ఇంత అని ఒక లెక్క ప్రకారం కావాలి. నాగలికి కట్టిన జోడెడ్లలో ఒకటి కుంటిదైతే రెండోది ఎంత బలమైనదైనా నాగలి కుంటెద్దు నడకతోనే సాగుతది. ఇదీ అంతే. మన మక్కలు, నూకలు, తవుడు పెట్టి పెంచే పందిలో ఆ కుంటెద్దు పేరు లైసిన్. అది తక్కువైతే మిగతా ప్రోటీన్ ఎంత పెట్టినా కండగా మారదు. ఎక్కువైన దాన్ని ఒళ్ళు విరిచి మూత్రంలో బయటికి పంపేస్తుంది. షెడ్డులో కళ్ళు మండే అమ్మోనియా వాసన చాలాసార్లు మన డబ్బుల వాసనే.

సోయా చెక్కలో లైసిన్ సుమారు 2.8 శాతం ఉంటది. పల్లి చెక్కలో సుమారు 1.5 శాతమే. ప్రోటీన్‌లో తేడా మూడు శాతం, లైసిన్‌లో తేడా దాదాపు రెండింతలు. సంచి మీద మొదటిది మాత్రమే రాస్తారు.

లెక్క వేసి చూపిస్తా. 100 కిలోల దాణాలో మక్కలు 50 కిలోలు, తవుడు 22 కిలోలు, పల్లి చెక్క 25 కిలోల పైన, మిగతాది మినరల్ మిక్చర్, ఉప్పు. దీంట్లో ప్రోటీన్ 18 శాతం వస్తుంది. కాగితం మీద ఎదిగే పందికి సరిపోయే దాణానే. కానీ లైసిన్ 0.63 శాతం దగ్గరే ఆగిపోతది. 20 నుంచి 50 కిలోల మధ్య ఉన్న సంకర జాతి పందికి 0.9 శాతం దగ్గరగానైనా కావాలి. ఇప్పుడు పల్లి చెక్కను 5 కిలోలకు తగ్గించి సోయా 20 కిలోలు వేయండి. ప్రోటీన్ 18 పైన కొంచెమే పెరుగుతుంది. లైసిన్ మాత్రం 0.88 దాటుతుంది. రెండు సంచుల మీదా 18 శాతమే రాసి ఉంటది. ఒకటి తిన్న పంది పెరుగుతుంది, ఇంకోటి తిన్నది పొట్ట వేలాడదీసుకొని నిలబడుతుంది.

అట్లని పల్లి చెక్కను తీసి పారేయమని నేను అనడం లేదు. సగం సగం కలుపుకోవచ్చు. నేను ఇప్పుడు వేస్తున్నది ఇది, 100 కిలోలకు:

మక్కలు 50 కిలోలు
తవుడు 21.5 కిలోలు
సోయా డీఓసీ 13 కిలోలు
పల్లి చెక్క 13 కిలోలు
మినరల్ మిక్చర్ 2 కిలోలు
ఉప్పు అర కిలో
పైన లైసిన్ పొడి 150 గ్రాములు

లైసిన్ పొడి కోళ్ళ దాణా మందులు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. పొడిని నేరుగా కుప్పలో చల్లొద్దు. ముందు రెండు కిలోల తవుడులో బాగా కలిపి, ఆ తవుడును మొత్తం కుప్పలో కలపాలి. అయితే మొత్తం పల్లి చెక్కే వేసి, లోటును లైసిన్ పొడితోనే పూడ్చేస్తా అంటే కుదరదు. పల్లిలో మెథియోనిన్, త్రియోనిన్ అనేవి కూడా తక్కువ. ఒక కుంటెద్దును మారిస్తే రెండోది కుంటడం మొదలుపెడుతుంది. మీ దగ్గర దొరికే చెక్కలు వేరైతే మీ పశువుల డాక్టర్‌కు చూపించి లెక్క మార్చుకోండి.

పల్లి చెక్కలో రెండో గండం బూజు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి చెక్క దాణాలో దొరికింది దోషి. ఒక రకం బూజు విడిచే విషం అది. అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. ఆ విషం కంటికి కనబడదు. పైన బూజు దులిపేసినా, ఎండబెట్టినా, ఉడికించినా పోదు. పంది పిల్లలు దానికి చాలా సున్నితం. కాలేయం దెబ్బతింటది, తిండి మానేస్తాయి, ఎదుగుదల ఆగిపోతది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో పట్టే పరీక్షను తయారు చేసింది అంటే, ఇది మన పల్లికి ఎంత దగ్గరి సమస్యో అర్థం చేసుకోండి. వానాకాలంలో పల్లి చెక్క నెల రోజులకు సరిపడా తెచ్చి పెట్టుకోవద్దు. పది రోజులకు తెచ్చుకోండి. గోడకు ఆనించకుండా, కింద చెక్క పలకలు వేసి పెట్టండి. ముక్క వాసన వచ్చిన చెక్కను "పందే కదా" అని వేయకండి.

మూడో గండం మోసం. ప్రోటీన్ శాతం ఎట్లా కొలుస్తారో తెలుసా? ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. అందులోని నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. అందుకే నాసిరకం చెక్కలో ఇంత యూరియా కలిపితే ల్యాబ్ కాగితం మీద ప్రోటీన్ అమాంతం పెరుగుతుంది. చైనాలో 2008లో పాలపొడిలో మెలమైన్ కలిపి పసిపిల్లల ప్రాణాలు తీసిందీ ఈ నత్రజని లెక్కను మోసం చేయడానికే. బర్రె పొట్ట కొద్దిగా యూరియాను వాడుకోగలదు. పంది వాడుకోలేదు. నేను ఒకసారి కొన్న చెక్క తొట్టిలో నీళ్ళు తగలగానే ఘాటు వాసన కొట్టింది. అమ్మినాయన పేరు ఇక్కడ అవసరం లేదు. మీరు మోసపోకుండా ఉంటే చాలు.

దానికి ఇంట్లో చేసుకునే పరీక్ష ఉంది. గుప్పెడు చెక్క పొడి తీసుకోండి. ఒక చెంచా పచ్చి సోయా గింజల పిండి కలపండి. గోరువెచ్చని నీళ్ళు పోసి, మూత పెట్టి, అరగంట ఆగి మూత తీసి వాసన చూడండి. అమ్మోనియా ఘాటు గుప్పుమంటే అందులో యూరియా ఉన్నట్టే. పచ్చి సోయాలో యూరియాను విరిచే ఎంజైమ్ ఉంటది, అదీ కిటుకు.

ఇదే కిటుకును తిప్పి వాడితే సోయా డీఓసీని కూడా పరీక్షించొచ్చు. పచ్చి సోయాలో ప్రోటీన్ అరగనీయని పదార్థం ఒకటి ఉంది. సరిగ్గా వేడి చేస్తేనే అది చచ్చిపోతది. సోయాను ఉడికించి పెడితేనే జంతువులు సరిగ్గా పెరుగుతాయని 1917లోనే అమెరికాలో తేల్చారు. మన దగ్గర ఇంకా కొందరు ఆదిలాబాద్, నిజామాబాద్ దిక్కు నుంచి సోయా గింజలు చవకగా వచ్చాయని పచ్చివే పట్టించి వేస్తున్నారు. ఎదిగే పందికి అది నష్టమే. డీఓసీ సరిగ్గా వేగిందో లేదో చూడాలంటే, గుప్పెడు డీఓసీలో చిటికెడు యూరియా, గోరువెచ్చని నీళ్ళు కలిపి అట్లనే మూత పెట్టండి. ఘాటుగా అమ్మోనియా వస్తే అది ఇంకా పచ్చిగా ఉంది. రంగు ముదురు గోధుమ రంగులో, మాడు వాసన వస్తుంటే అతిగా వేగింది, లైసిన్ మాడిపోయింది. లేత బంగారు రంగు ఉండాలి. పరీక్ష చేసిన ఆ గుప్పెడు మాత్రం తొట్టిలో వేయకుండా పారబోయండి.

ఇప్పుడు హోటల్ వేస్ట్ గురించి. ఇది రాస్తే కొందరికి కోపం వస్తుందని తెలుసు. సికింద్రాబాద్, హైదరాబాద్ చుట్టుపక్కల పందుల పెంపకం చాలా వరకు దీని మీదే నిలబడింది. నేనూ దాంతోనే మొదలుపెట్టా. నగరానికి మనం చేస్తున్న మేలు కూడా ఉంది, ఆ తిండి డంప్ యార్డుకు పోకుండా ఆపుతున్నాం. కానీ 15 కిలోల పిల్లకు అది ఏమిస్తుందో చూడండి. అందులో ముప్పావు వంతు నీళ్ళే. మిగిలింది అన్నం, నూనె, ఉప్పు, మసాలా. పిల్లకు రోజుకు కిలో ఎండు దాణా కావాలంటే నాలుగైదు కిలోల కుడితి తాగాలి. దాని పొట్ట ఎంత? నిండిపోతది కానీ బలం చాలదు. ఒక రోజు బిర్యానీ, ఒక రోజు ఉత్త సాంబారు. ఎదిగే వయసులో ఇట్లా పెట్టడం అంటే లాటరీ ఆడడమే.

దానికి మించిన భయం ఇంకోటి. 2001లో ఇంగ్లండ్‌లో గాలికుంటు వ్యాధి ఒక పందుల ఫారంలో సరిగ్గా ఉడికించని హోటల్ మిగులు వల్ల మొదలైందని తేల్చారు. అది ఆగేసరికి 60 లక్షలకు పైగా పశువుల్ని చంపేశారు. మన దేశంలోకి ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో వచ్చింది, మొదట అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లో. 2022కు కేరళలో వయనాడ్ దాకా చేరింది. మనుషులకు అంటదు, కానీ షెడ్డులోకి వస్తే పందులు దాదాపు అన్నీ పోతాయి. ఆ వైరస్ పంది మాంసం ముక్కల్లో చాలా కాలం బతుకుతుంది. మనం ఏ హోటల్ డ్రమ్ములో ఏ ముక్క తెస్తున్నామో మనకు తెలియదు. మానేయలేని వాళ్ళకు ఒక్కటే చెప్తా: అరగంట తగ్గకుండా, కలుపుతూ, బాగా మరిగించకుండా ఒక్క గరిటె కూడా పోయొద్దు. అదీ పెద్ద పందులకే. ఎదిగే పిల్లల తొట్టి దగ్గరికి ఆ డ్రమ్మును రానీయొద్దు.

"ఇన్ని చెప్తున్నవ్, సోయా రేటు ఎవరు భరిస్తరు?" అంటారు. ఆ లెక్కా చూద్దాం. పిల్ల 15 కిలోల నుంచి 50 కిలోలకు రావాలంటే 35 కిలోలు పెరగాలి. కిలో పెరగడానికి సుమారు 3 కిలోల దాణా అనుకుంటే మొత్తం 105 కిలోలు. అందులో సోయా 20 శాతం వేసినా పట్టేది ఒక పందికి 21 కిలోలు. సగం సగం పద్ధతిలో అయితే 14 కిలోల లోపే. ఈ రోజు మీ దగ్గర రేటు ఎంతుందో వేసుకొని మీరే గుణించండి. తర్వాత ఇంకో పక్కన, ఎదగని పందిని రెండు నెలలు ఎక్కువ సాకితే అయ్యే దాణా, కూలీ, నీళ్ళు రాయండి. రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి.

50, 60 కిలోలు దాటాక పందికి ప్రోటీన్ అవసరం తగ్గుతుంది. అప్పుడు సోయా తగ్గించండి, తవుడు, నూకలు పెంచండి, పల్లి చెక్కతో నెట్టుకురండి. ఎదిగే వయసులో పోయిన కండ తర్వాత ఎంత పెట్టినా పూర్తిగా రాదు, కొవ్వు వస్తుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. పిల్లలకు చవక తిండి పెట్టి, అమ్మే ముందు నెల మంచి దాణా పెడతారు. కోత ముందు పొలానికి యూరియా చల్లినట్టు ఉంటది అది.

రేట్లు మన చేతిలో లేవు, నిజమే. 2021లో సోయా చెక్క రేటు ఆకాశానికి పోయినప్పుడు కోళ్ళ రైతులు గట్టిగా అడిగారు, ఆ ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇచ్చింది. పందుల రైతు గొంతు ఆ రోజు ఎక్కడా వినబడలేదు, ఎందుకంటే మనం ఎక్కడా కలిసి లేము. పందులు పెంచుతున్నామని చెప్పుకోవడానికే చాలామంది సిగ్గుపడుతున్నారు. ఆ సిగ్గు వల్ల ఒక్కొక్కరం రెండు సంచులు కొనుక్కొని, దుకాణదారు ఇచ్చింది తెచ్చుకుంటున్నాం. ఒక మండలంలో పది మంది కలిసి లోడు తెప్పించుకుంటే రేటు తగ్గుతది, ఒక శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపే ఖర్చు పది మందికి పంచుకోవచ్చు. యూరియా కలిపేవాడు పది మందికి భయపడతాడు, ఒక్కడికి భయపడడు.

ప్రభుత్వాన్ని కూడా ఒకటి అడగాలి. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద వంద తల్లి పందుల ఫారానికి సగం సబ్సిడీ ఉంది, మంచిదే. కానీ పది పిల్లలతో మొదలుపెట్టే వాడికి షెడ్డు కన్నా ముందు కావలసింది దాణా లెక్క నేర్పే మనిషి, చెక్కను పరీక్షించి చెప్పే చోటు. అది మండలానికి ఒకటైనా ఉంటే నా మూడు పందులు చచ్చేవి కావు.

కీసర తమ్ముడు నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. "సగం సగం వేస్తున్నా అన్నా, ఆ యూరియా పరీక్ష కూడా చేసిన, వాసన రాలేదు" అన్నాడు. సంతోషమేసింది. నేను మూడు పందుల్ని పోగొట్టుకొని నేర్చుకున్నది అతనికి ఒక ఫోన్ కాల్‌తో అందింది. మీరు ఏం పెడుతున్నారో, ఎంత వయసులో ఎంత బరువు వస్తుందో రాయండి. నేను చెప్పిన దాంట్లో తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పండి, సరిచేసుకుంటా.

ఉంటా మరి. తొట్టి దగ్గరికి పోయే టైమైంది.